కొలరాడో ఫోర్ట్ లయన్: సైనిక స్థావరం మాజీ సైనికుల ఆసుపత్రి అయిన కథ

పడమటిగాలి
అందరికీ నమస్కారం. మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. పోయిన వారం సెలవులు కలిసొస్తే పిల్లల్ని తీసుకుని ఆగ్నేయ కొలరాడో వైపు వెళ్ళాం. మూడు గంటలు దాటిన ప్రయాణం. కొండలు వెనక్కి పోయి, చుట్టూ ఎండుగడ్డి, ఆకాశం తప్ప ఏమీ మిగల్లేదు. లాస్ ఆనిమాస్ ఊరు దాటి కాస్త ముందుకెళ్ళాక, ఆర్కన్సా నదికి దగ్గర్లో పెద్ద పెద్ద చెట్లు గుంపుగా కనిపించాయి. ఆ చెట్ల మధ్య వరండాల బంగళాలు, నడుమ కవాతు మైదానం. చూడగానే సికింద్రాబాదులో మా తాతగారి క్వార్టర్సు గుర్తొచ్చింది. కంటోన్మెంటు అంటే ఏ దేశంలోనైనా ఒకేలా కడతారేమో.

అదే ఫోర్ట్ లయన్. 1867లో సైన్యం కట్టుకున్న స్థావరం. 1897లో వదిలేసి వెళ్ళిపోయారు. 1906లో నౌకాదళం వచ్చి క్షయ ఆసుపత్రి పెట్టింది. 1922లో మాజీ సైనికుల సంస్థ చేతికి వచ్చి, మానసిక రోగుల ఆసుపత్రిగా 2001 వరకూ నడిచింది. తర్వాత జైలు. 2013 నుంచి ఇళ్ళు లేనివాళ్ళకి ఆశ్రయం.

అక్కడే చిన్న రాతి ప్రార్థనాలయం ఒకటి ఉంది. కిట్ కార్సన్ అనే పేరుమోసిన సరిహద్దు స్కౌటు 1868 మే 23న ఈ స్థావరంలోని డాక్టరు ఇంట్లో చనిపోయాడు. ఆ ఇంటి రాళ్ళతోనే తర్వాత ఆ గుడి కట్టారు. మా పెద్దమ్మాయి గోడ మీద చెయ్యి పెట్టి, "నాన్నా, ఇక్కడే చనిపోయాడా?" అంది. ఇక్కడ కాదమ్మా, ఈ రాళ్ళ మధ్య చనిపోయాడు అన్నాను. అప్పట్నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. 1864 శాండ్ క్రీక్ ఊచకోతకి సైనికులు బయల్దేరింది కూడా ఫోర్ట్ లయన్ నుంచే. మనుషుల్ని చంపడానికి బయల్దేరిన చోటే, యుద్ధంలో మనసు విరిగిన వాళ్ళకి ఎనభై ఏళ్ళు వైద్యం చేశారు. ఎవరికైనా దీని గురించి ఇంకా తెలిస్తే చెప్పండి.

చరిత్రపిచ్చి
మంచి టాపిక్ ఎత్తారు. ఒక్క సవరణ. శాండ్ క్రీక్‌కి బయల్దేరిన ఫోర్ట్ లయన్, మీరు చూసిన ఫోర్ట్ లయన్ ఒకటి కాదు. పాతది నది వెంబడి తూర్పుగా సుమారు ఇరవై మైళ్ళ దూరంలో ఉండేది. 1860లో కట్టినప్పుడు దాని పేరు ఫోర్ట్ వైజ్. 1866లో వరద ముంచేస్తే సైన్యం ఎగువకి వచ్చి, 1867లో మీరు చూసిన చోట కొత్తగా కట్టుకుంది. పేరు మాత్రం వెంట తెచ్చుకుంది.

పేరు సంగతి కూడా వినదగ్గదే. వైజ్ అంటే వర్జీనియా గవర్నరు హెన్రీ వైజ్. బానిసత్వం మీద తిరగబడ్డ జాన్ బ్రౌన్‌ని 1859లో ఉరితీసినప్పుడు గవర్నరు ఆయనే. అంతర్యుద్ధం రాగానే వైజ్ దక్షిణాది పక్షం చేరాడు. శత్రువు పేరు మన కోటకి ఏమిటని 1862లో మార్చి, 1861లో యుద్ధంలో చనిపోయిన మొదటి ఉత్తరాది జనరల్ నథానియల్ లయన్ పేరు పెట్టారు.

1861 ఫిబ్రవరిలో షయన్, అరపాహో అనే అమెరికా ఆదివాసీ (అప్పట్లో ఇండియన్ అనేవాళ్ళు) తెగల పెద్దల్లో పదిమందితో సంతకాలు పెట్టించుకున్న ఒప్పందం కూడా ఆ పాత కోట పేరు మీదే ఉంది. పదేళ్ళ క్రితం వాళ్ళకి రాసిచ్చిన భూమిలో పదమూడో వంతు కూడా మిగల్లేదు. కొలరాడో కొండల్లో బంగారం దొరికింది మరి. తతిమ్మా పెద్దలు చాలామంది ఆ సంతకాలు మాకు చెల్లవన్నారు. గొడవ మొదలైంది అక్కడే.

పడమటిగాలి
థాంక్స్ అండీ. రెండు చోట్లని నాకు తట్టనే లేదు. అంటే మా అమ్మాయి చెయ్యి పెట్టిన రాళ్ళకి శాండ్ క్రీక్‌తో సంబంధం లేదన్నమాట. అయినా అదే సైన్యం, అదే పేరు. నా బాధ అయితే తగ్గలేదు.

గోదారిగట్టు
శాండ్ క్రీక్‌లో అసలేం జరిగిందో నాలాంటి వాళ్ళ కోసం ఎవరైనా నాలుగు ముక్కల్లో చెప్తారా?

చరిత్రపిచ్చి
నాలుగు ముక్కల్లో అవదు. కాస్త ఓపిక పట్టండి.

1864 సెప్టెంబరు. ఫోర్ట్ లయన్ కమాండరు మేజర్ వింకూప్. ఒచినీ అనే షయన్ పెద్దమనిషి (ఇంగ్లీషు వాళ్ళు ఒంటికన్ను అని పిలిచేవాళ్ళు) ఉత్తరం పట్టుకుని కోటకి వచ్చాడు. శాంతి కావాలి, మా దగ్గరున్న బందీల్ని ఇచ్చేస్తాం అని ముఖ్యుడు బ్లాక్ కెటిల్ రాయించిన ఉత్తరం అది. ఇండియన్ అంటే కనపడగానే కాల్చే రోజులు. ప్రాణం మీద ఆశ వదులుకునే వచ్చాడు. వింకూప్ నమ్మి, 127 మందితో వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నలుగురు బందీల్ని విడిపించుకుని, పెద్దల్ని డెన్వర్ తీసుకెళ్ళి గవర్నరు ముందు కూర్చోబెట్టాడు. స్పష్టమైన హామీ ఏదీ దొరకలేదు. అయినా కోట దగ్గర్లో ఉంటే భయం లేదన్న నమ్మకంతో బ్లాక్ కెటిల్ జనం శాండ్ క్రీక్ ఒడ్డున గుడారాలు వేసుకున్నారు.

నవంబరులో వింకూప్‌ని తప్పించి ఆంథొనీని పెట్టారు. 28న కర్నల్ షివింగ్టన్ చెప్పాపెట్టకుండా కోటకి వచ్చాడు. వస్తూనే చుట్టూ కాపలా పెట్టి ఎవర్నీ బయటకి పోనివ్వలేదు. ఆ రాత్రే దాదాపు 675 మంది, నాలుగు చిన్న ఫిరంగులతో బయల్దేరి, నలభై మైళ్ళు గుర్రాల మీద వెళ్ళి, తెల్లారేసరికి గుడారాల మీద పడ్డారు. బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేశాడు. ఫలితం లేదు. 230 మంది వరకూ చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళే. ఉత్తరం తెచ్చిన ఒచినీ కూడా వాళ్ళలో ఉన్నాడు.

అయితే ఒక్క మాట. కెప్టెన్ సైలస్ సోల్, లెఫ్టినెంట్ క్రేమర్ తమ మనుషుల్ని కాల్పులు జరపనివ్వలేదు. ఆర్డర్ ఇచ్చినా సోల్ దళం తుపాకీ ఎత్తలేదు. అదే సోల్ అంతకుముందు జాన్ బ్రౌన్ అనుచరుల్ని జైలు నుంచి తప్పించడానికి వెళ్ళిన మనిషి. డిసెంబరు 14న వింకూప్‌కి ఉత్తరం రాసి, చూసిందంతా చెప్పాడు. విచారణలో సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్ 23న డెన్వర్ వీధిలో ఆయన్ని కాల్చి చంపారు. అప్పటికి పెళ్ళయి మూడు వారాలు. వయసు 26.

వైట్‌కోట్
నేను అమెరికాలో ఒక వీఏ (మాజీ సైనికుల ప్రభుత్వ సంస్థ) ఆసుపత్రిలో సైకియాట్రీ చేస్తున్నాను. ఫోర్ట్ లయన్‌లో పని చేయలేదు గానీ, రెసిడెన్సీలో మా సీనియర్లు ఇలాంటి పాత కోటల ఆసుపత్రుల గురించి చెప్పేవాళ్ళు. ఫోర్ట్ లయన్ ఒక్కటే కాదు, దేశమంతా ఉన్నాయి. దక్షిణ డకోటాలో ఫోర్ట్ మీడ్, వయోమింగ్‌లో ఫోర్ట్ మెకంజీ, ఆరిజోనాలో ఫోర్ట్ విపుల్, వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్ట్ వాలా వాలా. ఇండియన్లతో యుద్ధాలు అయిపోయాక ఈ స్థావరాలతో పని లేకుండా పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి లక్షల మంది తిరిగొచ్చారు. వాళ్ళలో గ్యాస్ పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు, క్షయ తగులుకున్నవాళ్ళు, యుద్ధం వల్ల మనసు దెబ్బతిని, షెల్ షాక్ అని అప్పట్లో పిలిచిన స్థితిలో ఉన్నవాళ్ళు. 1921లో వెటరన్స్ బ్యూరో పెట్టారు. కొత్తగా కట్టే టైము లేదు. ఖాళీ బ్యారక్‌లు, నీళ్ళు, దగ్గర్లో రైలు ఉన్న చోట్లు చూసుకుని అందులోకి వెళ్ళారు.

మానసిక రోగుల వార్డులు ఊళ్ళకి దూరంగా పెట్టడం ఆనాటి పద్ధతి. వైద్యం అంటే ప్రశాంతత, పొలం పని, చేతిపనులు. 1950ల మధ్య వరకూ సరైన మందు లేదు. కొన్ని వీఏ ఆసుపత్రుల్లో లోబోటమీలు, అంటే మెదడులో నరాల దారులు తెంచే ఆపరేషన్లు, కూడా చేశారు. మా వృత్తి చరిత్రలో నాకు తలెత్తుకోనివ్వని అధ్యాయం అది. ఇప్పుడు మనం పీటీఎస్‌డీ అంటున్న, యుద్ధం లాంటి ఘోరం చూశాక మనసుని వదలని జబ్బుకి ఆ పేరు పెట్టిందే 1980లో. అంతకుముందు చేరినవాళ్ళు ఏ పేరూ లేని బాధతో ఇరవై, ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉండిపోయారు.

నా దగ్గరికి వచ్చే వియత్నాం పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఎప్పుడొచ్చినా ముందు కుర్చీ తిప్పుకుంటారు, తలుపు కనిపించేలా. నేను ఇప్పుడు ఆయన వచ్చే ముందే కుర్చీ తిప్పి పెడుతున్నాను. అలా పెట్టిన మొదటి రోజు, ఆయన ఎన్నడూ లేనిది కూర్చోగానే కోటు విప్పారు.

మదనపల్లి_మనిషి
క్షయ సంగతి వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. మా నాయనమ్మ ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడాదిన్నర ఉండొచ్చింది. మాది మదనపల్లి పక్క పల్లె. నౌకాదళం ఆసుపత్రిని సముద్రం కనుచూపులో లేని చోట ఎందుకు పెట్టిందని చదివేవాళ్ళకి అనిపిస్తుంది. ఆరోగ్యవరం చూసినవాళ్ళకి అర్థమవుతుంది. మందు లేని కాలంలో వైద్యమంటే పొడి గాలి, ఎత్తైన నేల, ఎండ, పాలు, గుడ్లు, మంచం దిగకుండా విశ్రాంతి. మదనపల్లి రెండు వేల అడుగుల పైన ఉంటుంది. లాస్ ఆనిమాస్ ఎత్తు దాదాపు 3,900 అడుగులు, వాన తక్కువ. ఓడల్లో నావికులు పక్కపక్కనే పడుకుంటారు, ఒకడికి దగ్గొస్తే వరసంతా అంటుకుంటుంది. వాళ్ళని తెచ్చి ఆ వరండాల్లో పడుకోబెట్టారు. సైన్యం అప్పటికే 1899లో న్యూ మెక్సికోలోని ఫోర్ట్ బేయర్డ్ అనే పాత స్థావరాన్ని ఇలాగే క్షయ ఆసుపత్రి చేసింది. నౌకాదళం అదే దారి పట్టింది.

మా నాయనమ్మ చెప్పేది: చలికాలంలో కూడా కిటికీలు మూయనిచ్చేవాళ్ళు కాదంట. రెండు కంబళ్ళు కప్పుకుని, ముక్కు మాత్రం బయట పెట్టుకుని పడుకునేదాన్ని అనేది. ఆ తర్వాత స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, ఆమె బతికింది. ఫోర్ట్ లయన్‌కి 1906లో వచ్చిన కుర్రాళ్ళకి అలాంటి మందు లేదు. పడమటిగాలి గారూ, అక్కడ శ్మశానం చూశారా?

పడమటిగాలి
చూశామండీ. గేటు తీసే ఉంది. తెల్ల రాళ్ళు వరసలు వరసలుగా. 1907 నుంచి అక్కడ పూడుస్తున్నారు. ముందు వరసల్లో చాలా రాళ్ళ మీద నౌకాదళం హోదాలే. జన్మతేదీ లేదు, చనిపోయిన తేదీ మాత్రం ఉంది. గాలి విపరీతంగా వీస్తోంది. మా చిన్నాడు ఒక రాయి దగ్గర కూర్చుని, అడుగున పెరిగిన గడ్డి పీకి శుభ్రం చేశాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

రిటైర్డ్_సుబేదార్
పిల్లాడికి నా ఆశీస్సులు చెప్పండి బాబూ.

నాది పశ్చిమ గోదావరి. మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు, దానికి కూతవేటు దూరంలో మా ఊరు. ఇరవై ఎనిమిదేళ్ళు సర్వీసు చేశాను. ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. సోల్ అనే ఆ కెప్టెన్ దగ్గర ఆగిపోయాను.

బయటివాళ్ళకి తెలియదు, ఫౌజులో ఆర్డర్ కాదనడం ఎంత కష్టమో. పక్కన నీతో కలిసి తిన్నవాడు కాలుస్తున్నాడు, పైవాడు అరుస్తున్నాడు, నీ వెనక నీ కంపెనీ నీ మొహం చూస్తోంది. ఆ క్షణంలో తుపాకీ దించి ఉంచడం చేతకానితనం కాదు. మాకు ట్రైనింగులోనే చెప్పేవాళ్ళు, చట్టానికి లోబడ్డ ఆర్డరే ఆర్డర్ అని. క్లాసులో చెప్పడం తేలిక. చంపేస్తారని తెలిసి సాక్ష్యం చెప్పడం ఇంకా పెద్ద మాట. నా లెక్కలో ఆ కోట పరువు నిలబెట్టినవాడు ఆయనే.

ఆసుపత్రి సంగతికి వస్తే, మనకి ఇక్కడ 2003 నుంచి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది. కార్డుంది, పాలీక్లినిక్ ఉంది, మందులిస్తారు. కాదనను. కానీ పోయినేడాది నా భార్యకి గుండె నొప్పి వచ్చి రాత్రి పూట ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ కార్డు చూసి "బెడ్ లేదండి" అన్నారు. డబ్బు కడతానంటే అరగంటలో బెడ్ వచ్చింది. అప్పు తెచ్చి కట్టాను. ఆమె బాగుంది ఇప్పుడు. ఆ రాత్రి వరండాలో కూర్చుని అనుకున్నా, మనకంటూ ఒక చోటు ఉంటే బాగుండునని. మన కంటోన్మెంట్లలో ఎన్ని పాత బ్యారక్‌లు ఖాళీగా పడున్నాయో. అక్కడ పైకప్పు కింద నలభై మంచాలు వేస్తే మాలాంటి ముసలాళ్ళకి చాలు.

నర్సు_విజయవాడ
సుబేదార్ గారూ, మీ మాట చదివి కళ్ళు చెమర్చాయి. మేడం గారికి మందులు టైముకి ఇవ్వండి, ఉప్పు తగ్గించండి.

నాకు మాత్రం ఒక సందేహం. ఆసుపత్రి చరిత్ర రాసేటప్పుడు ఊచకోతని ఎందుకు కలపాలి? అది వేరే చోటని ఇక్కడే తేలింది. ఎనభై ఏళ్ళు అక్కడ పని చేసిన నర్సులు, వార్డు బాయ్‌లు, వంటవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కష్టం మీద వేరే వాళ్ళ పాపం వేసినట్టు అవుతుందేమో.

చరిత్రపిచ్చి
మీ బాధ న్యాయమైనదేనండీ. వాళ్ళ కష్టం వేరే, అది ఎవరూ తీసేయలేరు. నేను కలిపేది ఎందుకంటే, కార్సన్ పేరు మీద గుడి కట్టారు కాబట్టి. కార్సన్ షివింగ్టన్ చేసిన పనిని గట్టిగా ఖండించాడు, నిజమే. అదే కార్సన్ 1863-64లో నవాహో అనే ఆదివాసీ తెగ వాళ్ళ పంటలు కాల్చి, పీచ్ తోటలు నరికించే దండయాత్ర నడిపించాడు. ఎనిమిది వేల మందికి పైగా సొంత నేల వదిలి నడిచి వెళ్ళాల్సి వచ్చింది. 1868 మే 23న కార్సన్ పోయాడు. తొమ్మిది రోజులకి, జూన్ 1న, నవాహోలు ఇంటికి తిరిగి వెళ్ళొచ్చని ఒప్పందం కుదిరింది. ఒకరి గుర్తు రాతిలో నిలబెట్టినప్పుడు రెండోవాళ్ళ మాట కూడా ఆ ప్రాంగణంలోనే చెప్పాలని నా అభిప్రాయం.

శాండ్ క్రీక్ చూడ్డానికి వెళ్ళే రోడ్డు మీద ఇప్పటికీ ఒక ఊరు ఉంది. దాదాపు ఖాళీ అయిపోయింది. దాని పేరు షివింగ్టన్.

వైట్‌కోట్
నర్సుగారూ, చరిత్రపిచ్చి గారూ, ఇద్దరితోనూ ఏకీభవిస్తాను. రోగి చరిత్ర రాసుకునేటప్పుడు మేం ఇప్పటి నొప్పితో ఆగం, ముందు ఏమేం జరిగాయో కూడా రాస్తాం. అందులో ఎవర్నీ నిందించేది ఉండదు.

గోదారిగట్టు
మరి ఆసుపత్రిని జైలు ఎందుకు చేశారు? అది నాకు అస్సలు నచ్చలేదు.

ప్యూబ్లో_పద్మ
దానికి నేను చెప్తాను. మేం ఆ వైపే ఉంటాం. బెంట్ కౌంటీ చాలా చిన్నది, మొత్తం జనం ఆరు వేలకి అటూ ఇటూ. ఆ ఆసుపత్రే అక్కడ పెద్ద ఉద్యోగం. తల్లి చేసింది, కూతురు చేసింది, మనవరాలు చేరదామనుకునేలోపు 2001లో మూశారు. అప్పటికి మానసిక వైద్యమంతా రోగుల ఇళ్ళకి దగ్గరగా, ఊళ్ళలోకి మారిపోయింది. అంత దూరంలో, అన్ని పాత భవనాలు నడపడం ఖర్చు. ఊరు బతకాలి కాబట్టి రాష్ట్రం జైలు పెడతానంటే సరే అన్నారు. 2002లో వచ్చింది, పదేళ్ళకి అదీ పోయింది. రెండోసారి ఉద్యోగాలు పోయినప్పుడు మా పక్కింటి ఆవిడ అన్న మాట గుర్తుంది. "మా ఊరిని ఎప్పుడూ ఎవరో ఒకరు వదిలేసి పోతూనే ఉంటారు" అంది.

2013లో ఇళ్ళు లేనివాళ్ళ కోసం తెరిచారు. తాగుడు, మత్తుమందుల నుంచి బయటపడేదాకా ఉండొచ్చు, చదువుకోవచ్చు. 250 మందికి చోటు. మాజీ సైనికులకి మొదటి నుంచీ అక్కడ చోటుంది. డెన్వర్ నుంచి 190 మైళ్ళ దూరం పంపడం ఏమిటని విమర్శించేవాళ్ళు ఉన్నారు, ఆ ప్రశ్న సబబే. కానీ దూరమే మేలు చేసిందన్న మనిషితో నేను మాట్లాడాను. పాత స్నేహాలు అందనంత దూరం కావాలి నాకు అన్నాడు. చర్చి భోజనాల దగ్గర వడ్డిస్తుంటే కలిశాడు. ప్లేటు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఒక్క చేత్తో అయితే వణుకుతోందట.

ఇంకొకటి. ఒచినీ కూతురు పేరు అమాచి. లాస్ ఆనిమాస్ పక్కనే బాగ్స్‌విల్‌లో కాపురం ఉండేది. తండ్రిని చంపిన సైన్యం స్థావరం పక్కనే పిల్లల్ని పెంచింది. ఆమె పేరే తర్వాత, 1942లో, జపాను మూలాలున్న అమెరికన్లని నిర్బంధించిన శిబిరానికి పెట్టారు. అది కూడా ఇదే నది ఒడ్డున, తూర్పుగా గ్రనాడా దగ్గర. పడమటిగాలి గారూ, ఈసారి వస్తే ఆ రెండూ చూడండి. మా ఇంట్లో భోంచేసి వెళ్ళండి.

పడమటిగాలి
తప్పకుండా వస్తాం అక్కా. డెన్వర్‌లో 15వ వీధి, అరపాహో వీధి కలిసే చోట సోల్ పేరుతో ఒక ఫలకం ఉంది. నా ఆఫీసు అక్కడికి రెండు వీధుల అవతల. రోజూ దాని ముందు నుంచి కాఫీ పట్టుకుని నడుస్తాను. నిన్న మొదటిసారి ఆగి చదివాను.

రిటైర్డ్_సుబేదార్
బాబూ, ఆ కెప్టెన్ రాసిన ఉత్తరం ఇప్పుడు దొరుకుతుందా?

చరిత్రపిచ్చి
దొరుకుతుంది సుబేదార్ గారూ. చాలా ఏళ్ళు కనపడకుండా పోయి, 2000లో ఒక పాత పెట్టెలో మళ్ళీ బయటపడింది. క్రేమర్ ఉత్తరం కూడా దాంతోనే. అమెరికా సెనెట్ విచారణలో చదివారు. అదే ఏడాది ఆ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా కాపాడాలని చట్టం వచ్చింది, 2007లో తెరిచారు.

రిటైర్డ్_సుబేదార్
నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు గానీ, మా సంఘంలో అందరికీ రాదు. తెలుగులో ఎవరైనా పెడితే ప్రింటు తీయించి నవంబరు 29న మా సంఘం గదిలో చదువుతాను. ఇరవై మంది దాకా వస్తారు.

పడమటిగాలి
నేను మొదలుపెడతాను సార్. ఆదివారం నాటికి మొదటి పేజీ ఇక్కడే పెడతా. సైన్యం మాటలు ఎక్కడైనా తప్పు పడితే మీరు సరిచేయాలి.

రిటైర్డ్_సుబేదార్
పెట్టండి బాబూ. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టండి.